కొత్త కాకముందు తినిపించిన చిక్కుడుకాయ

మీకంటే తక్కువ చదువుకున్న మనిషిని ఒక ప్రశ్న అడిగి, ఆ మనిషి జవాబు పూర్తి చేసేదాకా మీరు నోరు మెదపకుండా విన్నారా, ఈ మధ్యకాలంలో ఒక్కసారైనా?

తొందరపడి విన్నానని చెప్పకండి. నేనూ అలాగే చెప్పేదాన్ని. పైగా మానవ సంబంధాల మీద పరిశోధన చేస్తున్న మనిషిని కాబట్టి మరింత గట్టిగా చెప్పేదాన్ని.

నేను నర్సీపట్నంలో ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా నాన్న జీడితోట రైతు. తోటలో పని లేని రోజుల్లో ఊరూరా చర్చాసభలకి తిరిగేవాడు. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. జాతకాలు, దయ్యాలు, అంటు, మైల, వీటి మీద పెద్దవాళ్ళు గొంతులు చించుకుంటుంటే వింటూ పెరిగాను. తొమ్మిదో తరగతిలో ఉండగా నన్నే సభలో నిలబెట్టారు. ముహూర్తాలు పెట్టే ఒక పెద్దాయన నోరు నాలుగు ప్రశ్నలతో మూయించాను. సభంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు నా తలకెక్కాయి. హేతువాదినయ్యానని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నిజానికి ఆ రోజు నేను నేర్చుకున్నది ఎదుటివాళ్ళ నోరు మూయించడం. తక్కినది నేర్చుకోవడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఈ మాట వినగానే సంతోషపడేవాళ్ళు కొందరుంటారు, "ఇన్నాళ్ళకి దారికొచ్చింది" అని. వాళ్ళకి ముందే చెప్తున్నాను. నేను ఏ దారికీ రాలేదు. దయ్యాలు లేవు. ముహూర్తం చూసి చేసినంతమాత్రాన పెళ్ళి నిలబడదు. చిక్కుడుకాయ తింటే ఏ దేవతకీ కోపం రాదు. ఈ మూడు మాటలూ ఇవాళ కూడా ఏ సభలోనైనా నిలబడి చెప్తాను. నేను చెప్పబోయేది వేరే సంగతి.

నలభై దాటాక నాకు పిహెచ్.డి. మీద మనసు పుట్టింది. విద్యలోనూ సామాజిక జీవనంలోనూ మానవ సంబంధాలు నా అంశం. గైడుగారిని కలవడానికి నెలకో ఆదివారం యలమంచిలి వెళ్ళి రైలెక్కేదాన్ని. ఆయన సలహా మీద ఒక ఫారం తయారుచేశాను. తల్లిదండ్రులకి ఇరవై ప్రశ్నలు. మీరు బడికి వచ్చినప్పుడు మిమ్మల్ని ఆదరంగా పలకరిస్తున్నారా? మీ అమ్మాయితో ఉపాధ్యాయులు గౌరవంగా మాట్లాడుతున్నారా? మీ ఆచారాలను, అలవాట్లను బడి గౌరవిస్తోందా? ఒక్కో ప్రశ్నకీ పక్కన రెండు గళ్ళు, ఒకటి అవునుకి, ఒకటి కాదుకి. పేరెంట్స్ మీటింగు రోజున ఫారాలు పంచాం. చదవడం రానివాళ్ళకి క్లాస్ టీచర్లే ప్రశ్నలు చదివి, వాళ్ళు చెప్పింది గళ్ళలో టిక్కు పెట్టి, వేలిముద్ర తీసుకోవాలి. నా క్లాసు పదో తరగతి కాబట్టి అందులో అలాంటి ఫారాలు నేనే నింపాను.

ఫారాలన్నీ స్టాఫ్‌రూమ్‌లో బల్ల మీద దొంతరగా పెట్టి చూస్తే, పేజీ తరవాత పేజీ అవునులే. లెక్కల మాస్టారు ఒకటి రెండు తిరగేసి కళ్ళజోడు తీశారు.

"మేడమ్, ఇన్ని అవునులు నేను నా పెళ్ళిచూపుల్లో కూడా వినలేదండీ."

"మీరు అడగవలసిన ప్రశ్నలు అడిగుండరు మాస్టారూ" అన్నాను.

"అడిగినవాళ్ళే జవాబు కూడా రాసుకుంటే మాకూ బాగుండేది" అని ఆయన చాక్‌పీసు తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయన మాటలో ఉన్న ముల్లు నాకు గుచ్చుకోలేదు.

ఆ మీటింగుకి ఒక వారం ముందు జరిగిన సంగతి ఇప్పుడు చెప్పాలి.

నా క్లాసులో కొయ్యూరు అవతలి కొండ ఊరి అమ్మాయి ఒకతి ఉండేది. ఊళ్ళో ఉన్న హాస్టల్లో ఉంటూ మా బడికి వచ్చేది. పెద్దగా మాట్లాడేది కాదు. మార్కులు మధ్యరకం, చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉండేది. ఆ రోజు మధ్యాహ్న భోజనం దగ్గర డ్యూటీ నాది. వంటవాళ్ళు చిక్కుడుకాయ కూర చేశారు. వరండాలో పిల్లలంతా వరసల్లో కూర్చుని తింటున్నారు. ఈ అమ్మాయి కూరని పళ్ళెం అంచుకి నెట్టేసి ఉత్త చారన్నం తింటోంది.

"ఏమ్మా, చిక్కుడుకాయ మీద అలిగావా?" అన్నాను.

"మా ఇంటికాడ ఇంకా కొత్త అవ్వలేదు మేడమ్."

కొండ ఊళ్ళ సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అక్కడ ఏ కాయైనా, ఏ పంటైనా ఏడాదికి మొదటిసారి వచ్చినప్పుడు ఊరంతా ఒక రోజు పండగ చేసుకుంటారు. ముందు ఊరి దేవతకి పెట్టి, అప్పుడు అందరూ తింటారు. దాన్నే కొత్త అంటారు. చిక్కుడుకి ఒక కొత్త, మామిడికి ఒక కొత్త. ఆ పండగ అయ్యేదాకా ఆ కాయ నోట పెట్టరు. ఇదంతా నాకు అప్పటికే తెలుసు. తెలిసే అడిగాను.

"కొత్త అవ్వకపోవడమేంటి? బజార్లో బుట్టలకొద్దీ అమ్ముతున్నారు."

పక్క వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అది కాదు మేడమ్. మా ఊళ్ళో..."

"మీ ఊళ్ళో చిక్కుడుకాయ తినాలంటే ఎవరి పర్మిషన్ కావాలి? ఎమ్మార్వోగారిదా, అమ్మోరిదా?"

ఈసారి వరండా అంతా నవ్వింది. ఆ నవ్వు వినగానే నాకు పాత సభల హుషారు వచ్చేసింది. మంచి అవకాశం దొరికింది, పుస్తకంలో లేని పాఠం చెప్పొచ్చు అనుకున్నాను.

"ఎందుకు తినవో కారణం చెప్పు. ఎక్కువ వద్దు, ఒక్కటి చాలు."

ఆ అమ్మాయి నోరు తెరిచింది. అప్పటికి నవ్వు ఇంకా ఆగలేదు. నేనూ ఆగలేదు.

"లేదు కదా. కారణం లేని పని మానెయ్యాలని నిన్ననే కదా పాఠంలో చెప్పుకున్నాం. తిను. ఏమవుతుందో అందరం చూద్దాం."

ఆ అమ్మాయి నావైపు చూసింది, తన వరసలో వాళ్ళవైపు చూసింది. ఒక ముక్క తింది. తరవాత ఇంకోటి. మూడోది తినమని నేను అనలేదు. నాకు ఆ మాత్రం దయ ఉందని అప్పుడు అనుకున్నాను. మధ్యాహ్నం క్లాసులో మళ్ళీ ఎత్తాను. "చూశారుగా, ఆకాశమేమీ విరిగి పడలేదు" అన్నాను. మళ్ళీ నవ్వు. ఆ అమ్మాయి తల వంచుకుని నోట్సు రాసుకుంటోంది. ఆ రోజు ఇంటికి వెళ్తూ, నా ఉద్యోగం నేను బాగా చేశానన్న తృప్తితోనే వెళ్ళాను.

శనివారం సాయంత్రం ఆ అమ్మాయి హాస్టల్లో చెప్పి ఇంటికి వెళ్ళింది. సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. రిజిస్టరులో సున్నాలు చుట్టుకుంటూ పోయాను. ఏజెన్సీ పిల్లలు ఇంటికెళ్తే నాలుగు రోజులు ఆలస్యంగా రావడం మామూలే అని స్టాఫ్‌రూమ్‌లో అందరం అనే మాటే నేనూ అన్నాను. ఆ మాట ఎవరు మొదట అన్నారో, ఎవరు కనుక్కుని అన్నారో ఎవరికీ తెలియదు.

మీటింగు ఆ వారంలోనే జరిగింది. రెండు వారాలు గడిచాయి. పదో తరగతి పరీక్షకి కూర్చునే పిల్లల పేర్ల జాబితా శనివారం సాయంత్రానికల్లా పంపాలి. జాబితాలో పేరు లేకపోతే ఆ ఏడాది పరీక్ష లేదు. గురువారం ఉదయం హెడ్‌మిస్ట్రెస్‌గారు నన్ను పిలిచి ఆ అమ్మాయి పేరు దగ్గర వేలు పెట్టారు.

"రాని పిల్ల పేరు నేనెలా పంపను మేడమ్? శనివారంలోగా తెచ్చి క్లాసులో కూర్చోబెట్టండి. లేకపోతే కొట్టేస్తాను."

నేను బయటికొచ్చేసరికి వరండా ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపింది. ఆవిడ మా బడిలో నాకంటే ముందునించీ ఉంది.

"మేడంగారండి, ఓ మాట సెప్తే కోప్పడరు గదా."

"చెప్పు ఆయమ్మా."

"ఆ కొయ్యూరు పిల్ల తల్లి రెండుమాట్లు ఒచ్చినాదండి. అదుగో, ఆ స్తంభం కాడ నిలబడి, బస్సు టైమయ్యేదాకా సూసి ఎల్లిపోనాది. అంతకుముందు మీటింగుకి కూడా ఒచ్చినాదట."

"మరి నాతో మాట్లాడలేదేం?"

"మీరు పిలిసేరేటి?"

"పిలవడమేంటి ఆయమ్మా? లోపలికొస్తే మాట్లాడనా?"

"ఆళ్ళు పిలవందే లోపలికి రారండి. ఆళ్ళు రాందే మీరు పిలవరు. ఇంక ఇది ఎప్పటికి తెమిలేను?"

"ఏం కావాలట?"

"టీసీ గావాలంట. పిల్ల సదువు మానీసినట్టుందండి."

స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్ళి ఫారాల దొంతర విప్పాను. ఆ తల్లి ఫారం దొరికింది. ఇరవై ప్రశ్నలకీ ఇరవై అవునులు. నా పెన్ను, నా టిక్కు. కింద నీలం సిరా వేలిముద్ర. చూస్తుంటే ఆ రోజు కళ్ళముందుకొచ్చింది. ఆవిడ నా బల్ల ముందుకొచ్చి "అమ్మా, ఒక్క మాట" అంది. "ముందు ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా, నీ వెనక చాలామంది ఉన్నారు" అన్నాను నేను. ఫారంలో ఆవిడని మీరు అని రాశాను. నోటితో నువ్వు అన్నాను. ఆవిడ వేలు వేసి పక్కకి జరిగింది. గళ్ళు నేను తరవాత నింపాను, ఆవిడ లేనప్పుడు. మీ అమ్మాయితో ఉపాధ్యాయులు గౌరవంగా మాట్లాడుతున్నారా? అవును. మీ ఆచారాలను బడి గౌరవిస్తోందా? అవును.

లెక్కల మాస్టారు నా భుజం మీంచి చూశారు. "ఆ పిల్ల సంగతి మీ రీసెర్చిలో ఏ గడిలోకొస్తుందండీ?" అన్నారు. ఈసారి గుచ్చుకుంది.

మర్నాడు సెలవు పెట్టాను. ఆయమ్మ దగ్గర ఆ ఊరికి దారి కనుక్కున్నాను. ఆవిడ ఆనవాళ్ళన్నీ చెప్పి, చివర్న అంది:

"ఒకటండి. మీ నోరు కూసింత బడికాడ ఒగ్గీసి ఎల్లండి."

పొద్దున్నే బస్సెక్కి కొయ్యూరులో దిగాను. అక్కణ్ణించి సర్వీసు ఆటో. ఆటో ఆగిపోయిన చోటునించి ఒక గెడ్డ, అంటే కొండవాగు, దాటి నడక. దారి పొడుగునా నేను ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ముందు క్షమాపణ, తరవాత చదువు అవసరం, తరవాత నమ్మకాల గురించి మెత్తగా రెండు ముక్కలు. ఉపన్యాసం మొత్తం తయారైపోయింది.

ఇంటి కంచె మీద చిక్కుడు పాదు అల్లుకుని ఉంది. పాదు నిండా లావుపాటి కాయ. ఒక్కటి కూడా తెంపిన గుర్తు లేదు. నేనింకా కంచె దాటకముందే ఆ తల్లి నన్ను చూసింది.

"రండమ్మా, రండి. లోపలికి రండి. ఎండలో ఒచ్చేరు."

ఆవిడ పిలిచింది. నేను పిలవలేదని ఒక్క మాట అనలేదు. నులకమంచం వాల్చింది, నీళ్ళిచ్చింది, పాలు లేని టీ ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకుని మొదలెట్టాను.

"చూడండమ్మా, నేను చేసింది తప్పే. అయితే నమ్మకాల విషయంలో శాస్త్రీయంగా ఆలోచిస్తే..."

"టీ సల్లారిపోతాదమ్మా" అంది.

తాగాను. తాగుతున్నంతసేపు మాట్లాడలేదు కాబట్టి ఆవిడకి చోటు దొరికింది.

"తిన్నందుకు కాదమ్మా. మా పెద్దోడు వైజాగులో హోటల్లో పని సేత్తాడు. ఆడికి కొత్తా నేదు, పాతా నేదు. ఏటెడితే అదే తింటాడు. ఆడికేటీ అవ్వనేదు. మేం ఆణ్ణి ఏటీ అన్నేదు. దీనికేటవుద్దోనని నాను బయపడ్నేదు."

"మరి చదువెందుకు మానేసింది?"

"మీరు ఎందుకు తినవని అడిగినారంట. ఇది సెప్దామనుకున్నాదంట. ఈలోగా అందరూ నవ్వీసినారంట. తరగతిలో మళ్ళీ నవ్వినారంట. సెప్పాల్సిన మాట కడుపులో ఉండిపోనాది దానికి. ఇంక ఆ బడికెల్లనంటాది. ఇక్కడే ఏదో బడి సూసుకుంటానంటాది. దానికే టీసీకొచ్చినాను."

"మీటింగు రోజున కూడా టీసీకేనా వచ్చారు?"

"అవునమ్మా. మీరు కాయితం ఇచ్చి ఏలిముద్ర ఎయ్యమన్నారు గదా. ఎయ్యీసినాను. టీసీ ఎప్పుడిత్తారోనని మరి రెండుమాట్లు ఒచ్చినాను."

బడిలో మానవ సంబంధాలు దివ్యంగా ఉన్నాయని నేను సాక్ష్యంగా దాచుకున్న కాగితం, ఆ తల్లి లెక్కలో తన కూతుర్ని బడి మాన్పించమని పెట్టుకున్న దరఖాస్తు. ఒకే కాగితానికి రెండు వైపులా మేమిద్దరం నిలబడ్డాం. అది దేనికో నేను చెప్పలేదు. చెప్పొచ్చని నాకు తట్టలేదు. అడగొచ్చని ఆవిడకి తట్టలేదు, ఎందుకంటే నోరు తెరవబోతే ఏమవుతుందో ఆవిడ కూతురు అప్పటికే చూసింది.

దారంతా తయారుచేసుకున్న ఉపన్యాసంలో ఒక్క ముక్క కూడా అక్కడ పనికిరాలేదు. "ఆ కాగితం టీసీకి కాదమ్మా, నా చదువుకి. మీకు చెప్పకుండా వేలిముద్ర వేయించుకున్నాను. అది తప్పు" అన్నాను. ఆవిడ, "మీ సదువుకి పనికొచ్చిందా అమ్మా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

గుమ్మం వెనక గాజుల చప్పుడైంది. ఆ అమ్మాయి బయటికొచ్చి తల్లి పక్కన నిలబడింది. అంతా విన్నట్టుంది.

"మేడమ్, నేనొస్తాను. కానీ ఆ రోజు మీరడిగిందానికి జవాబు చెప్తాను."

"చెప్పమ్మా, వింటాను."

"ఇక్కడ కాదు మేడమ్. ఇక్కడ మీరొక్కరే కదా. నవ్వినోళ్ళు అక్కడున్నారు." మళ్ళీ తనే అంది, "నేను చెప్పినంతసేపు మీరు మాట్లాడకూడదు."

"ఓసి, మేడంగారితో అలగేనా మాటాడ్డం?" అని తల్లి కసిరింది.

"మాట్లాడనివ్వండమ్మా" అన్నాను.

మా నాన్న సభల్లో ఒక నియమం ఉండేది. మనం ఎంతసేపు మాట్లాడితే ఎదుటివాడికి కూడా అంతసేపు ఇవ్వాలి. వాడు తడబడినా, తప్పు చెప్పినా, ఆ సమయం వాడిది. మధ్యలో నోరు పెట్టినవాణ్ణి సభలోంచి లేపి పంపేసేవారు. చిన్నప్పుడు అది కేవలం పద్ధతి అనుకున్నాను, నీళ్ళ గ్లాసు పెట్టినట్టు, దండ వేసినట్టు. ఆ కొండ ఊళ్ళో, ఆ మంచం మీద కూర్చుని ఉండగా తెలిసింది, హేతువాదానికి ప్రాణం ఆ నియమంలోనే ఉందని. వరండాలో ఆ అమ్మాయితో నేను చేసింది చర్చ కాదు. చర్చ అయితే ఆమెకీ సమయం ఉండేది. నేను చేసింది, ముహూర్తం పెద్దలు మా నాయనమ్మలతో చేసిన పనే. మాట వాళ్ళది, మౌనం మనది. నా చేతిలో మంత్రాల పుస్తకానికి బదులు సోషల్ పుస్తకం ఉంది, అంతే తేడా.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి నాతో బయల్దేరి హాస్టలుకి వచ్చేసింది. శనివారం మొదటి పీరియడ్. ఆ అమ్మాయిని ముందు నిలబెట్టి నేను వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. పక్కన కూర్చున్న అమ్మాయిలు నన్ను చూసి ముడుచుకున్నారు. ఎందుకు పిలిచానో రెండు మాటల్లో చెప్పి ఊరుకున్నాను.

ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. క్లాసులో మౌనం మాలాంటి టీచర్లకి పడదు. ఎవరో ఒకరు పూడ్చాలనిపిస్తుంది. నాలుక పళ్ళకింద పెట్టుకుని కూర్చున్నాను.

"మేడమ్ ఆ రోజు ఒక్క కారణం చెప్పమన్నారు" అని మొదలెట్టింది. "దేవతకి కోపం వస్తాదా రాదా నాకు తెలీదు. మా అమ్మనడిగితే తెలీదంది. మా అమ్మమ్మ ఏదో చెప్పింది, అది నాకు నచ్చలేదు. నేను కూడా ఆలోచిస్తున్నాను. ఆలోచించడం అయ్యేదాకా తిననని అనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. కొత్త రోజున ఊళ్ళో అందరం ఒకేసారి తింటాం. నేను ముందే తినేస్తే ఆ రోజు నాకు అది ఉత్త కూరే."

మధ్య బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మరి ఆ రోజు తినీసేవు గదే. మీ అమ్మోరు ఏటీ అన్నేదా?"

"అమ్మోరు ఏటీ అన్నేదు. మీరే అన్నారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఒప్పుకుంటాను, ఆ నాలుగు నిమిషాల్లో నా బుర్రలో నాలుగు ఖండనలు తయారయ్యాయి. ఇష్టానికీ కారణానికీ తేడా ఉంది, అందరూ చేస్తున్నారన్నది వాదన కాదు, ఇలా. ఒక్కటి కూడా బయటికి రానివ్వలేదు. ఆ అమ్మాయి నావైపు చూసి "అయిపోయింది మేడమ్. ఇప్పుడు మీరు మాట్లాడొచ్చు" అంది.

లేచి నిలబడ్డాను. "ఆ రోజు నేను నిన్ను ప్రశ్న అడగలేదు. నిన్ను చూపించి అందర్నీ నవ్వించాను. ఇష్టం లేని తిండి తినిపించాను. తప్పు నాది. నవ్వినవాళ్ళు నేను నవ్విస్తే నవ్వారు కాబట్టి వాళ్ళ తప్పు కూడా నాదే. నువ్వు చెప్పిన కారణాల మీద నాకు అభ్యంతరాలున్నాయి. నువ్వు ఎప్పుడు వింటానంటే అప్పుడు చెప్తాను."

"పరీక్షలయ్యాక వింటాను మేడమ్" అంది. క్లాసు నవ్వింది. ఆమే ముందు నవ్వింది.

అదే పీరియడ్‌లో నేను జాబితా తీసుకుని హెడ్‌మిస్ట్రెస్‌గారి గదికి వెళ్ళాను. ఆవిడ కిటికీలోంచి తొంగి క్లాసువైపు చూసి, ఆ పేరు పక్కన సంతకం పెట్టారు. ఆ అమ్మాయి ఆ ఏడాదే పరీక్ష రాసింది. కొన్నాళ్ళు ఒకరిద్దరు పిల్లలు ఆమెని చిక్కుడు అని పిలవడం నా చెవిన పడింది. అంతా శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయిందని నేను అబద్ధం చెప్పను. కానీ ఆమె వాళ్ళకి జవాబు చెప్పడం కూడా నా చెవిన పడింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా మిత్రులు కొందరు నన్ను ఓదార్చబోతారు. కొత్త పండగలో కూడా సైన్సుంది మేడమ్, కాయ ముదరకుండా తెంపకూడదనీ, విత్తనం మిగలాలనీ పెట్టుకున్న ఏర్పాటు అయ్యుంటుంది అంటారు. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. నాకు ఆ ఊతకర్ర అక్కర్లేదు. ఆ ఆచారంలో ఒక్క ఆవగింజంత సైన్సు లేకపోయినా సరే, ఒక పిల్ల నోట్లో ఆమె వద్దన్నది పెట్టించే హక్కు నాకు లేదు. ఎదుటివాళ్ళ నమ్మకంలో మనకి నచ్చే అర్థం దొరికాకే వాళ్ళని గౌరవిస్తామంటే, అది మనల్ని మనం గౌరవించుకోవడమే.

ఇంకొందరు రెండోవైపునించి వస్తారు. అయితే నమ్మకాల జోలికి వెళ్ళకూడదంటారా అని. వెళ్ళాలి. గట్టిగా వెళ్ళాలి. చేతబడి పేరు చెప్పి ఒక మనిషిని ఊరంతా కలిసి కొట్టబోతే ఎవరి సమయమూ చూడకుండా అడ్డం పడాలి. కానీ కూర పళ్ళెం అంచుకి నెట్టుకున్న పిల్ల ఎవరినీ కొట్టబోవడం లేదు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోలేని హేతువాదం నాకొద్దు.

గైడుగారికి జరిగింది రాశాను. ఆయన మంచి మనిషే. ఒక్క ఫారం తేడా వస్తే పక్కన పెట్టెయ్యండమ్మా, మిగిలినవి ఉన్నాయి కదా అన్నారు. మిగిలినవాటిలో గళ్ళు కూడా నేను నింపినవే సార్, నా తోటి టీచర్లు నింపినవే అన్నాను. మా గురించి మేమే రాసుకున్న మెచ్చుకోలు పరిశోధన ఎలా అవుతుంది? దొంతర మొత్తం పక్కన పడేశాను. ఇప్పుడు ఇళ్ళకి వెళ్తున్నాను. సెలవు దొరికిన రోజున ఒక ఇల్లు, ఒక్కోసారి అదీ లేదు. దీనికి పట్టా ఎప్పటికొస్తుందో తెలియదు. జీడితోటల్లో, చెరకు చేల గట్ల మీద, కొండ ఊళ్ళ అరుగుల మీద జనం నాకు చెప్తున్నవి ఏ గడిలోనూ పట్టవు. ఒకాయన రెండు గంటలు మాట్లాడి, చివరికి, "మీ బడోళ్ళు ఇన్నాళ్ళకి ఒచ్చినారు, ఏటి, ఎలక్షనొచ్చిందా?" అన్నాడు. అది కూడా రాసుకున్నాను.

బడి గుమ్మం దగ్గర ఎంతమంది తల్లులు స్తంభాల పక్కన నిలబడి బస్సు టైముకి వెళ్ళిపోతున్నారో మీ బడి లెక్కల్లో ఉండదు. అక్కడ అన్నిటికీ అవును అనే ఉంటుంది. కాబట్టి ఆ లెక్కలు మూసెయ్యండి. మీరు టీచరైనా కాకపోయినా, ఈ వారంలో మీ ఊరి బడికి వెళ్ళండి. వరసగా రాని పిల్ల ఎవరో కనుక్కోండి. ఆ ఇల్లు కనుక్కుని నడిచి వెళ్ళండి. ఎందుకు మానేసిందో అడగండి. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా ఒక్క సలహా కూడా ఇవ్వకండి. ఆ తరవాత ఆ పిల్ల ఏ షరతు పెడితే ఆ షరతు ఒప్పుకుని, జాబితా మూసేలోగా ఆమెని తీసుకురండి.